చోటే మియా అనని మాట

పేరుకు చోటే మియా గానీ మనిషి ఆరడుగుల పైనే. కొత్తకోటలో హైవే పక్కన రేకుల షెడ్డు పెట్టింది 1984లో. ఏ బండి వచ్చినా ముందు కిందికి దూరి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాకే నోరు విప్పేవాడు. ఆయన కాదన్న పనిని చుట్టుపక్కల ఎవరూ ముట్టేవారు కాదు. షెడ్డులో సగం వాటా భార్య జాహేదా తమ్ముడు కరీందే. పని ఇద్దరిదైనా గిరాకీలతో మాట్లాడటం కరీం వంతు. పన్నెండేళ్లు ఆ పొత్తు నడిచింది.

1996 ఎండాకాలంలో క్వారీ కాంట్రాక్టరు రామచంద్రం పికప్ తెచ్చాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. క్వారీ దారిలో బండి అడుగుభాగం రాళ్లకు తగులుతోందని నాలుగు అంగుళాలు ఎత్తించమన్నాడు.

చోటే మియా కింద పడుకుని చాలాసేపు చూశాడు.

"ఎత్తుత సేటు. గని ముందు చక్రాల నడుమున్న డిఫరెన్షియల్ పెట్టెను దించాలె."

"ఎత్తమంటే దించుతనంటవేంది మియా?"

"బండి పైకి లేస్తది, చక్రాలు నేల మీదనే ఉంటయి. గా పెట్టె బండితోని పైకి పోతే, అండ్లకెల్లి చక్రాలకు పోయే రాడ్లు ఏటవాలైతయి. ఒక్క అంగుళమైతే ఫికర్ లేదు. నాలుగంటే రబ్బరు తొడుగులు చినుగుతయి, లోపలికి దుమ్ము పోతది, లోడు మీద జాయింటు ఇరుగుతది. పెట్టెకూ చాసిస్‌కూ నడుమ ఇనుప దిమ్మలు పెట్టి దించాలె. ఇంకో రెండు దినాలు పడ్తది."

రామచంద్రం సరేనని వెళ్లాడు. చోటే మియా దగ్గరుండి దిమ్మలు చేయించాడు. ఇంతలో ఆలంపూర్‌లో ఉన్న తల్లి జన్నత్ బీకి జ్వరం ముదిరిందని కబురొచ్చింది. దిమ్మలు కరీం చేతిలో పెట్టి బస్సెక్కాడు. ఐదో రోజు తిరిగొచ్చేసరికి పికప్ లేదు.

"అన్నీ బిగించి పంపిన దూలాభాయ్," అన్నాడు కరీం, అక్క మొగుణ్ణి ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే.

నెల తిరగలేదు. నిండు లోడుతో క్వారీ ఎత్తు ఎక్కుతుంటే ముందు జాయింటు విరిగింది. బండి వెనక్కి జారి బండకు కొట్టుకుంది. డ్రైవరు పెద్దులు కాలు రెండు చోట్ల విరిగింది.

చోటే మియా క్వారీకి పోయి బండి కిందికి దూరాడు. దిమ్మలు లేవు. పెట్టె ఎక్కడిదక్కడే ఉంది.

అక్కడినుంచి పాలమూరు దవాఖానకు పోయాడు. మంచం పక్కన కూర్చున్న పెద్దులు భార్య ఈదమ్మ లేవలేదు.

"చోటే మియా మల్ల ఆలోచన చేసిండు, దించుడు అక్కర్లేదన్నడు అని మీ కరీం చెప్పిండు భాయ్. నీ మాట మీదనే సేటు బండి తీస్కపోయిండు. నీ మాట మీదనే ఈయన ఎక్కిండు."

"నేను గట్ల అనలేదమ్మా."

"ఇప్పుడు ఎవలైనా గట్లనే అంటరు," అందామె ముఖం తిప్పుకుని.

షెడ్డుకొచ్చి అడిగితే కరీం దాచలేదు.

"సేటు దినాం మనిషిని తోలిండు. బండి ఇంకో షెడ్డుకు కొట్టుకపోతనన్నడు. నా మాట మీద తీస్కపోడు గద, నీ పేరు చెప్పిన."

"తప్పు చేసినవంటే నా మీదేస్కుని మోసేటోణ్ణి కరీం. నేను అనని మాట నా నోట్ల పెట్టినవు."

నిజం చెప్పడానికి రామచంద్రం ఇంటికి పోయాడు. ఆయన పూర్తిగా వినలేదు. "మీ బావబామ్మర్దుల లొల్లి నాకెందుకు మియా? మా పని ఆగొద్దు." తరవాతి బండిని కరీంకే ఇచ్చాడు. కరీం తొందరగా చేస్తాడు.

విరిగిన పికప్‌కు మాత్రం చోటే మియా క్వారీలోనే కూర్చుని, రెండు దినాలు ఒక్కడే పడి, జాయింటు మార్చి దిమ్మలు బిగించాడు. పెద్దులు మళ్లీ ఎక్కాల్సింది ఆ బండే. అది అయ్యాక తన పానాల పెట్టె తీసుకుని షెడ్డు కరీంకు వదిలేశాడు.

"మా తమ్మునికేం చెప్పమంటవు?" అంది జాహేదా సామాను కడుతూ.

"ఏం చెప్పకు."

చౌటుప్పల్‌లో వేరేవాళ్ల షెడ్డులో పనికి కుదిరాడు. అక్కడ ఆయనది ఒకటే షరతు: బండి గలాయన ఎదురుగా నిలబడితేనే మాట చెబుతాడు. ఆ మాటను ఎవరిచేతా పంపడు.

మూడేళ్ల తరవాత కరీం కొత్తకోట నుంచి ఒక లారీ డ్రైవరుతో అడిగించాడు: మూడు అంగుళాలు ఎత్తితే పెట్టె దించాల్నా అని.

"వచ్చి అడగమను," అన్నాడు చోటే మియా.

కరీం రాలేదు.