గ్యాసు అక్కర్లేని తీగ

మా ఆఫీసులో లోవలక్ష్మక్కకి నేను పెట్టిన పేరు ఇనుమక్క. సికింద్రాబాదులో రమణబాబుగారని విదేశీ సరుకు విడిపించే కస్టమ్స్ ఏజెంటు. ఆయన దగ్గర మేమిద్దరం గుమాస్తాలం. ఊరంతా కంప్యూటర్ల వెర్రిలో ఉన్న రోజులవి. బేగంపేట విమానాశ్రయంలో దిగే మానిటర్లూ కీబోర్డులూ నా వంతు. సనత్‌నగర్ డిపోకి కంటైనర్లలో వచ్చే ఇనుప సరుకు ఆమె వంతు. నా డబ్బాలన్నీ ఒక్కలాంటివే కనుక తెరవకుండానే కాగితం రాసేసేవాణ్ణి. ఆమె మాత్రం చిన్న తీగముక్క దొరికినా వంచి, గీకి, వాసన చూసి, అప్పుడు సుంకాల టారిఫ్ పుస్తకం తెరిచేది.

"రుచి సుత చూడరాదక్కా!" అని ఏడిపించేవాణ్ణి.

"నీ డబ్బాల్లో ఇటుకలొచ్చినా నీకు తెలీదురా సామ్యూలూ" అనేది. నిజమే, తెలియదు.

వాళ్ల నాన్న విశాఖపట్నంలో ఓడల దగ్గర వెల్డరుగా చేసేవాడట. పెళ్లయి ఇక్కడ కాప్రాకి వచ్చాక, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూనే ఆమె కస్టమ్స్ పరీక్ష రాసి పాసు తెచ్చుకుంది. ఆ పాసు ఉంటేనే డిపో గేటు దాటనిస్తారు, కాగితాల మీద సంతకం చెల్లుతుంది. సరుకు గురించి తప్పు రాసినట్టు అధికారి పట్టుకుంటే పాసు పోతుంది. పాసు పోయిన మనిషిని ఊళ్లో ఏ ఏజెంటూ గడప తొక్కనివ్వడు.

అంత జాగ్రత్త మనిషీ ఒక్కసారి జారింది. చిన్నమ్మాయికి జ్వరమని ఇంటికెళ్లే తొందరలో, కొత్తగా వచ్చిన వెల్డింగ్ వైరు కంటైనరుకి కిందటేడాది కాగితం ముందు పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చూసి రాసేసి డిపోలో ఇచ్చేసింది. తెప్పించుకునే ఫ్యాక్టరీ అదే, పంపే కంపెనీ అదే, బిల్లు మీద మాట కూడా అదే. నేనైతే దాన్ని తప్పని ఇప్పటికీ అనను.

మర్నాడు ఫ్యాక్టరీ మేనేజరు పేతురు ఫోన్ చేశాడు. "జెర జల్దీ పంపించండి మేడమ్. ఈసారి వైరుకు గ్యాసు అక్కర్లేదట, సిలిండర్లన్నీ వాపసిచ్చేసినం" అన్నాడు సంబరంగా.

అక్క ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది.

"ఏమైందక్కా?"

"గట్టి తీగతో అతికితే గ్యాసు ఉండాల్సిందేరా. గ్యాసు వద్దన్నాడంటే తీగ కడుపులో పొడి ఉన్నట్టే. ఆ పొడే కాలి పొగై, గాలి తగలకుండా అతుకుని కాస్తాది. నేను గట్టి తీగని రాసీసేను."

టారిఫ్ పుస్తకంలో గట్టి ఉక్కు తీగది ఒకచోటు, పొడి కూరిన వెల్డింగ్ తీగది మరొకచోటు; చోటు మారితే సుంకమూ మారుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. రమణబాబుగారికి చెబితే ఆయన తేలిగ్గా నవ్వేశారు. "బిల్లులో లేనిది మనకెలా తెలుస్తుందండీ? తనిఖీకొచ్చే సదాశివగారు తీగచుట్టలు కోసి చూస్తారా ఏంటి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మీరే వెళ్లి చెప్తారా?"

నేనూ వంత పాడాను. "ఊకో అక్కా, కొరివితో తల గోక్కునుడెందుకు?"

"నిన్నటిదాకా తెలీక రాసేను, అది పొరపాటు. ఇప్పుడు తెలిసింది కదా, ఇంకా ఊరుకుంటే దాన్నేటంటారు?" అని సంచీ భుజాన వేసుకుంది. తిట్టుకుంటూ స్కూటరు తీశాను. దారంతా ఆమె సంచీని గట్టిగా అదుముకుని కూర్చుంది. భయపడుతోందని తెలుస్తూనే ఉంది. నాకు ఆమె మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉంది.

డిపోలో సరుకు తనిఖీ చేసే అధికారి సదాశివగారు. అక్క ఆయన ముందు నిలబడి, జరిగింది గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. ఆఖరున పాసు తీసి బల్లమీద పెట్టింది. "దిద్దుకోనివ్వండి సార్. కుదరదంటే ఇది తీసుకోండి."

సదాశివగారు సొరుగులోంచి కటింగ్ ప్లేయరు తీసుకుని కంటైనరు దగ్గరికి నడిచారు. ఒక చుట్ట విప్పించి, బెత్తెడు ముక్క కోసి, అరచేతిలో తట్టారు. బూడిదరంగు పొడి రాలింది.

మళ్లీ గదిలోకి వచ్చాక పాసు ఆమె వైపు జరిపారు. "మీరే ముందొచ్చి చెప్పిన్రు కాబట్టి దిద్దుకోండ్రి. నేను కోసినంక చెప్తే వినకపోతుంటి" అంటూ బల్లమీది కాగితం మా వైపు తిప్పారు. ఆ కంటైనరులో తీగ కోసి చూడమని పైఅధికారుల నుంచి పొద్దున్నే వచ్చిన ఆర్డరది. "పదకొండున్నరకు పోదామనుకున్న. మీరు పదకొండుకొచ్చిన్రు."

గేటు బయటికి రాగానే అక్క రోడ్డు పక్కనే నిలబడి భోరుమంది. అంతలోనే నవ్వడం మొదలుపెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుని, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, ముందు ఏదైనా తిందాం పద అంది. నాకు మాత్రం అప్పుడు తెలిసొచ్చింది. మా మాట విని ఊరుకుని ఉంటే, ఆ పాసు పోగొట్టినవాళ్లలో నేనూ ఉండేవాణ్ణి.

"నా మాట విననందుకు నీకు దండం పెడతనక్కా" అన్నాను, నిజంగానే చేతులు జోడించి.

"నీ మాట నేనెప్పుడు విన్నాన్రా" అంది పాసు మెడలో వేసుకుంటూ.