మామగారి కాలి మందు

మా మామగారి కాలి గజ్జి ఎప్పుడూ రసి కారుతుండేది. అరవైల చివర్లో చిక్కబళ్ళాపురం డాక్టరు ఇచ్చిన ట్యూబు మందుతో వారంలో మానింది. చింతామణిలో మా ఇంట్లో ఇక ఆ ట్యూబుకు హారతి ఇవ్వడం ఒక్కటే తక్కువ.

మళ్ళీ రేగినప్పుడల్లా అత్తగారే పూసేది. మందు పడ్డచోట తోలు తెల్లబడటం ఆమె కంటబడింది. అప్పటికి నా కూతురికి ఎనిమిది నెలలు. నా రంగే, నలుపు. ఆ మాట ఆమె రోజుకు నాలుగుసార్లు అనేది. పాపకు నలుగు పెట్టి నీళ్ళు పోశాక, వెన్నలో ఇంత మందు కలిపి బుగ్గలకు రుద్దసాగింది. మామగారి పుండుకు పూసిన వేలే, కొంగుకు తుడుచుకుని పాప బుగ్గ మీద!

"చూడమ్మా, ఇంగ ఇది నీ బిడ్డంటే ఎవురూ నమ్మరు" అంది అత్తగారు ఒకరోజు, తెల్లబడ్డ బుగ్గలు చూపిస్తూ. ఒళ్ళు మండింది. లోపల సంతోషమూ వేసింది. ఛీ, ఆ సంతోషం!

రెండు నెలలకు పాప బుగ్గల మీద సన్నటి ఎర్రనరాలు, నూగు వెంట్రుకలు, చీముపొక్కులు. అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"పెద్దోళ్ళ కాలికిచ్చిండే మందు పసిబిడ్డ మొగానికి పూస్తారామ్మా? తోలు ఉల్లిపొర మాదిరి అయిపోయిండాది. ఆపినాక కొన్నాళ్ళు ఇంగా రేగుతాది. రేగినా పూయొద్దు" అని కసిరాడు.

ఆపేశాం. నాలుగో రోజుకు పాప ముఖం కాలినట్టు ఎర్రబడి పొక్కులు పగిలాయి. అదే వారంలో చెవులు కుట్టించే ముహూర్తం. బాగేపల్లి నుంచి మా పుట్టింటివాళ్ళు వస్తున్నారు. బిడ్డను ఇట్లా పెంచిందా అంటారని నా భయం. అత్తగారు హడలిపోయి ట్యూబు ముట్టడమే మానేసింది. నేనే గూట్లోంచి తీశాను. తలుపేసుకుని మూడురోజులు పూశాను.

ముహూర్తానికి ముఖం నున్నబడింది. మా పెద్దమ్మ పాపను ఎత్తుకుని, "ఎంత తెల్లగుండాది! ఏం పూస్తాండావమ్మా?" అంది.

"వెన్నే పెద్దమ్మా" అని నవ్వాను.

ఆ ఎర్రనరాలు నా కూతురి బుగ్గల మీద ఈనాటికీ ఉన్నాయి. కాస్త ఎండ తగిలితే మంట. "ఎవరమ్మా నాకిది పూసింది?" అని అడిగినప్పుడల్లా, "మీ అవ్వ" అనే చెబుతూ వచ్చాను.