బావ అడిగిన ప్రశ్నలు

మారికుప్పం రైల్లో బెంగళూరు ఉద్యోగానికి వెళ్తూ ఫోన్‌లో సైన్సు వార్తలు చదవడం నాకు అలవాటు. వాటిని ఇంట్లో ఎవరూ వినరు. కామసముద్రంలో ఆవులు పెట్టుకున్న మా అక్క భర్త, బావ ఒక్కడే వినేవాడు. ఆదివారం నేను వెళ్తే చాలు, పాలు పితుకుతూనే, "చంద్రుడి మీద ఏం కనిపెట్టినారప్పా ఈ వారం?" అనేవాడు. అక్కడ మంచు ఉండవచ్చంటున్నారని చెబితే చేతులాపి విన్నాడు.

ఆ మంచుతోనే మొదలైంది. మంచు నీళ్ళలో ఎందుకు తేలుతుంది? మామూలు నీళ్ళలో మునిగే గుడ్డు ఉప్పునీళ్ళలో ఎందుకు తేలుతుంది? చక్కెర కలిపినా తేలుతుందా? పాల కేంద్రంలో పాలలోకి వదిలే గాజు గొట్టం, లాక్టోమీటర్, అదీ ఇంతేనా? ఆదివారానికి ఒక ప్రశ్న. గుడ్డు, చెంబు ముందు పెట్టుకుని సాంద్రత గురించి చెప్పాను. నీళ్ళు కలిస్తే గొట్టం లోతుకు దిగుతుందనీ, చక్కెర కరిగితే మళ్ళీ పైకి లేస్తుందనీ చెప్పాను. కాలేజీలో కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా అడగలేదు.

పోయిన నెల ఒక పొద్దున బావతో క్యాను మోసుకుని కేంద్రానికి వెళ్ళాను. గొట్టం ఉండాల్సిన గీత దగ్గరే నిలిచింది. పాలు పోయించుకునే పెద్దాయన ఎందుకో ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

"ఏమప్పా, పాయసానికి తెచ్చినావా? యాలక్కాయలు మరిచిపోయినావే!"

వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. బావ నా వైపు చెయ్యి చూపించాడు.

"నన్నడిగితే ఏం లాభం? మా బామ్మర్ది ఫిజిక్స్ చదివినోడు. ఆయన చెప్పినట్టే చేసినాను."

"చదువు బాగానే ఉండాది," అని పెద్దాయన క్యాను వెనక్కి నెట్టాడు.

నేను చెప్పిన ప్రతి మాటా నిజమే మరి. ఇంటికి వచ్చే దారిలో బావ ప్రశ్నలను వరుసగా గుర్తు చేసుకున్నాను. మంచు, గుడ్డు, చక్కెర, గొట్టం. నాలుగూ తిన్నగా ఆ క్యాను దగ్గరికే నడిచాయి. చంద్రుణ్ణి మాత్రం ఆ వరుసలో ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మొన్న ఏమీ జరగనట్టే మళ్ళీ అడిగాడు. "చంద్రుడి మీద నీళ్ళు ఉండాయంట, నిజమేనా?"

"ఎందుకు బావా, కలపడానికా?"

"పోప్పా, ఇంగా అదే పట్టుకున్నావా! నిజంగానే అడుగుతా ఉండాను."

నిజంగానే అడిగాడేమో. దాని మీద కొత్త వార్త ఆ వారమే చదివాను, అతనికి చెప్పాలనే దాచుకున్నాను కూడా. చెప్పలేదు.