బొట్టు పెట్టని పడవ

దెయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి చెప్పేవాళ్లని నేనే చాలాసార్లు ఏడిపించాను. హాస్టల్లో ఎవరైనా మెట్ల మీద ఏదో కనిపించిందని మొదలుపెడితే, నీకు నిద్ర తక్కువైంది, పోయి పడుకో అనేదాన్ని. నేను డిజైన్ చదివాను, కోడ్ రాస్తాను. తెర మీద కనిపించే ప్రతి చుక్క వెనకా ఎవరో రాసిన ఒక లైను ఉంటుంది. లైను లేకుండా చుక్క రాదు. నా గొడవంతా ఒక చుక్క గురించే.

చివరి ఏడాదిలో మేమంతా పోర్ట్‌ఫోలియో చెయ్యాలి. అంటే చదువుకున్నన్నాళ్లు చేసిన పనులన్నీ ఒక వెబ్‌సైట్‌లో పెట్టి, ఉద్యోగమిచ్చేవాళ్లకి చూపించుకోవాలి. చాలామంది ఫొటోలు వరసగా పేర్చేసి ఊరుకుంటారు. నాకలా నచ్చలేదు. నేను పడవ చేశాను.

మేముండేది తెనాలి. నాన్న ఇక్కడే ఒక స్కూల్లో గుమాస్తా. కానీ నాన్నవాళ్ల ఊరు రేపల్లె దాటాక సముద్రం వైపు ఉంటుంది. తాతయ్య వేటకి వెళ్లేవాడు. నా సెలవులన్నీ ఆ రేవులోనే గడిచాయి. అందుకని పేజీ తెరవగానే ఒక కాలువ, ఒడ్డున ఒక పడవ కనిపించేలా గీశాను. వేలితో నెడితే నీళ్లు చీల్చుకుంటూ కదులుతుంది. ఒక్కో రేవులో ఆగితే నా పని ఒక్కోటి తెరుచుకుంటుంది. బస్టాండు కోసం గీసిన బోర్డులు ఒక చోట, మిఠాయి పెట్టెల మీద వేసిన బొమ్మలు ఇంకో చోట.

రంగులు మూడే. నీలం, తెలుపు, నలుపు. మా మేడమ్ చూసి, జ్వరమొచ్చి లేచిన మనిషిలా పాలిపోయి ఉందన్నారు. నేను వినలేదు. ఈ రంగుల సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఇక మా నాయనమ్మ గురించి చెప్పాలి.

మావాళ్లలో కొత్త పడవని ఊరికే నీళ్లలోకి దించరు. ఇంటి పెద్దావిడ వచ్చి పడవ ముక్కుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి. అది అయ్యాకే కొబ్బరికాయ, అది అయ్యాకే నీళ్లు. మా నాయనమ్మ చేతి చలవ మంచిదని పేరు. ఆమె బొట్టు పెట్టిన పడవ ఖాళీగా తిరిగి రాదని, వీధిలో ఎవరు పడవ కట్టించుకున్నా ఆమెనే పిలిచేవాళ్లు. ఉంగరం వేలితో పెట్టి, చివర్లో వేలిని కొంచెం పైకి లాగేది. ఆ బొట్టుకి చిన్న తోకలాంటిది మిగిలేది. ఎవరి పడవ మీద చూసినా అది ఆమె వేలేనని తెలిసిపోయేది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పడవ కట్టిన వడ్రంగి, బొట్టు పెట్టే సమయానికి వీపు తిప్పి నిలబడాలి. తన చేతిపనికి తన దిష్టే ముందు తగులుతుందట. చిన్నప్పుడు నాకది భలే నవ్వులాటగా ఉండేది. అంత పడవ కట్టిన మనిషి తీరా ముస్తాబు వేళకి సరుగుడు తోట వైపు చూస్తూ బీడీ కాల్చుకునేవాడు.

తాతయ్య పోయాక నాయనమ్మని ఎవరూ బొట్టుకి పిలవలేదు. వద్దని ఎవరూ అనలేదు కూడా. ఆమే వెనక్కి జరిగింది. ఆ తర్వాత రేపల్లెలో బాబాయి దగ్గరికి వచ్చేసింది. ఎప్పుడైనా మళ్లీ ఆ ఊరు తీసుకెళితే, పడవ దించే చోట అందరికంటే వెనక, కుడిచెయ్యి పైటలో దాచుకుని నిలబడేది. ఆ చెయ్యి చూస్తే నాకు చాలా కోపం వచ్చేది. ఆమె మీద కాదు. ఎవరి మీదో తెలియదు.

పడవ కదలడం మొదలుపెట్టిన వారమే రేపల్లె వెళ్లి నాయనమ్మకి ఫోన్లో చూపించాను. బాబాయి ఇంటి అరుగు మీద కూర్చుని, వేలితో పడవని అటూ ఇటూ నెట్టి చిన్నపిల్లలా నవ్వింది. ఉన్నట్టుండి ఆపేసింది.

"బొట్టేదే?"

పెట్టలేదన్నాను.

"బొట్టు లేకుండా నీళ్లలోకి దించావేంటే బుజ్జమ్మా?"

ఇంకా దించలేదని, ఇది నా ఫోన్లోనే ఉందని, అందరికీ కనిపించేలా పెట్టినప్పుడే దించినట్టని చెప్పాను. నువ్వే వచ్చి పెట్టు అన్నాను. ఆమె నవ్వు పోయింది.

"నేను పెట్టకూడదమ్మా. మీ తాత పోయాక ఈ చేత్తో కుంకం ముట్టలేదు. మీ అమ్మ చేత పెట్టించుకో."

"నువ్వు పెట్టేదాకా నా పడవ ఒడ్డునే ఉంటుంది," అన్నాను.

మొండిదానివని తిట్టింది. మీ తాత పోలికేనంది. నేను తెనాలి వచ్చేసి, ఆ పట్టుదలలోనే ఒక చిన్న ఏర్పాటు రాశాను. పడవ ముక్కు మీద ఎవరైనా వేలు ఆనిస్తే ఆ వేలు కదిలిన జాడ ఉన్నదున్నట్టు పసుపు, కుంకుమ రంగుల్లో అక్కడ నిలిచిపోతుంది. నాయనమ్మ వేలు పడితే చాలు, తర్వాత పేజీ ఎవరు తెరిచినా అదే బొట్టు కనిపిస్తుంది.

కొన్నాళ్లకి ఆమే ఫోన్ చేసింది. ఆదివారం బాబాయితో తెనాలి వస్తున్నానంది. ఏం పని మీద అని అడిగితే, ఏం పనో నీకు తెలీదా అంది. ఆ గొంతులో సిగ్గు, సంతోషం రెండూ ఉన్నాయి.

"కట్టింది నువ్వేగా. నే పెట్టేప్పుడు నువ్వు చూడకూడదు. అటు తిరిగి నుంచోవాలి, తెలుసుగా."

ఆదివారం రాలేదు. ఆ ముందురోజు పొద్దున్నే కాఫీ తాగి, కొంచెం ఆయాసంగా ఉందని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

పెదకర్మ అయ్యేదాకా నేను లాప్‌టాప్ తెరవలేదు. తెరిచాక మొదట చేసిన పని, ఆ వేలి ఏర్పాటు మొత్తం తీసెయ్యడం. దాన్ని చూస్తూ మిగతా పని చెయ్యడం నా వల్ల కాలేదు. పసుపు రంగు, ఎరుపు రంగు కూడా ఫైల్లోంచి తీసేశాను. ఈలోగా కాలేజీలో గడువు దగ్గరపడింది. ఇక తప్పక, బొట్టు నువ్వైనా పెట్టమని అమ్మని అడిగాను. ఎలాగోలా మళ్లీ రాసుకునేదాన్ని. అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. అత్తయ్య పెడతానన్న పడవకి తన చెయ్యి పడకూడదంది.

అలా బోడి ముక్కుతోనే నా పడవని నీళ్లలోకి దించాను. దించిన మధ్యాహ్నం చాలాసేపు ఏడ్చాను.

మొదట చూసింది సునీత. నా క్లాస్‌మేట్, బాపట్ల పిల్ల. వాళ్లది లూథరన్ క్రైస్తవ కుటుంబం, నాన్నగారు టీచరు. పడవలకి బొట్టు పెడతారన్న సంగతే ఆమెకి తెలియదు. అన్నీ చూసి వాయిస్ మెసేజ్ పంపింది. పేజీ మొత్తంలో పడవ ముక్కు మీద ఆ పసుపు, ఆ ఎర్ర చుక్క ఒక్కటే తనకి తెగ నచ్చిందట. వేలితో పైకి చెరిపినట్టు భలే వేశావంది.

ముందు నాకు ఒళ్లు మండింది. వేళాకోళానికైనా హద్దుండాలి అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, నాయనమ్మ పోయిందని తప్ప బొట్టు గొడవ ఆమెకి నేనెప్పుడూ చెప్పలేదు. పేజీ తెరిచి చూశాను. ముక్కు ఖాళీగానే ఉంది. ఫొటో తీసి పంపమన్నాను. పంపింది. అందులోనూ నాకు ఖాళీ ముక్కే కనిపించింది. ఇదిగో, ఇక్కడే ఉందిగా అంటుంది సునీత.

కోడ్ మొత్తం వెతికాను. నేను మార్చిన ప్రతి మార్పూ వరసగా దాచుకునే అలవాటు నాది, అవన్నీ తిరగేశాను. తీసేసింది తీసేసినట్టే ఉంది. సైట్‌ని చెరిపేసి మళ్లీ పెట్టాను. అయినా సునీత ఉందనే అంది.

తర్వాత ఇంటర్వ్యూ. హైదరాబాదు నుంచి వీడియోలో మాట్లాడిన పెద్దాయన నా పేజీని తన తెర మీద తెరిచి నాకు చూపిస్తూ, మిగతా అంతా చల్లని రంగులు వాడి ఇక్కడ ఒక్కచోటే వెచ్చగా ఎందుకు పెట్టారమ్మా అని అడిగారు. ఆయన బాణం గుర్తు సరిగ్గా పడవ ముక్కు మీద ఆగింది. నాకు దాని కింద నల్ల చెక్క తప్ప ఏమీ కనిపించలేదు.

"మా నాయనమ్మ పెట్టిందండి," అన్నాను. ఆ ఉద్యోగం వచ్చింది.

అప్పటికీ నేను సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను. వాళ్ల తెరలేవో తేడా అయ్యుంటాయి, నా కళ్లకే ఏదో అయ్యుంటుంది అని. కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. ఎరుపు, పసుపు అన్నీ బాగానే గుర్తుపట్టాను.

నాయనమ్మ మాసికానికి అమ్మా నేనూ రేపల్లె బయల్దేరాం. తెనాలి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. పొద్దుటి ఎండ, ప్లాట్‌ఫారం నిండా జనం, పూలబుట్టలు. అమ్మ అప్పటిదాకా నా పేజీ చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని వాయిదా వేసింది. సునీత అన్నదిగానీ, ఇంటర్వ్యూలో అడిగిందిగానీ అమ్మకి నేను చెప్పలేదు. ఆ రోజు తనంతట తనే ఫోన్ తీసి, ఏదీ, నీ పడవ చూపించు అంది.

తెరిచి చేతికిచ్చాను. అమ్మ తెరని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఏం కనిపిస్తోందని మాత్రం అడిగాను.

"అత్తయ్య వేలు," అంది అమ్మ.

అని, తన ఉంగరం వేలితో గాలిలో పెట్టి చూపించింది. అద్ది, చివర్లో కొంచెం పైకి లాగి. ఆ తర్వాత ఫోన్ మీద ఆ చోట ముట్టుకుని కళ్లకద్దుకుంది. నేను అమ్మ భుజం మీదుగా చూశాను. ఖాళీ ముక్కు, నీలం నీళ్లు.

కట్టినదానివి కదా, నీకు కనపడదులే అంది అమ్మ. రైలొచ్చింది, ఎక్కాం.

ఇది జరిగి చాలాకాలమైంది. పడవ ఇంకా నీళ్లలోనే ఉంది. చూసినవాళ్లు చూసినట్టు చెబుతూనే ఉన్నారు, నేను మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. నాకంటే బాగా కోడ్ తెలిసినవాళ్లని అడిగాను, వాళ్లకీ అంతుచిక్కలేదు. లైను లేకుండా చుక్క ఎలా వచ్చిందో నేను చెప్పలేను. దెయ్యం అనే మాట కూడా నా నోటికి రాదు, ఆమె మా నాయనమ్మ.

పైటలో దాచుకున్న ఆ చెయ్యి బయటికొచ్చింది, నాకది చాలు. ఇప్పుడు ఎవరైనా నా ఎదురుగా ఆ పేజీ తెరుస్తుంటే, తెరుచుకునేదాకా నేను అటు తిరిగి నిలబడతాను.