ఎదురింటి పెద్దమ్మ చెప్పిన మాట

హైటెక్ సిటీలో నా ఉద్యోగం, కొత్తగా చేరేవాళ్లు ఇచ్చిన వివరాలు నిజమో కాదో ఆరా తీయడం. పొరుగువాళ్లు చెప్పే ఒక్క మాటతో మనిషి బతుకు తారుమారవుతుందని నాకు బాగా తెలుసు. తెలిసి ఏం లాభం.

అన్న జైల్లో ఉన్నాడు. చందానగర్‌లో మా కిరాయి ఇంట్లో అమ్మ మంచం పట్టింది. దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పోయేలోపు కొడుకు చేతి ముద్ద ఒక్కటి తినాలన్నది, అంతే. పెరోల్‌కు అర్జీ పెట్టాను. జైలువాళ్లు దాన్ని మా ఠాణాకు పంపుతారు. కానిస్టేబుల్ వచ్చి ఇంట్లోవాళ్లను, చుట్టుపక్కలవాళ్లను అడుగుతాడు. ఇతను వస్తే రానిస్తారా, ఇక్కడే ఉంటాడా, గడువుకు తిరిగి పోతాడా అని. ఆయన రాసిందాన్ని బట్టే పైవాళ్లు పంపడమో మానడమో.

ఆయన వచ్చిన మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉన్నాను. అమ్మ మందుల మత్తులో ఉంది. పక్కన కూర్చున్నది ఎదురింటి పెద్దమ్మ. సాయంత్రం ఆమే గర్వంగా చెప్పింది.

"పోలీసాయన వచ్చిండు బిడ్డా. మీ అన్న ఇక్కడ ఉంటడా అని అడిగిండు. గా పిలగానికి, ఈ ఇంటికి సంబంధమే లేదన్న. మల్ల ఏ కేసుల ఇరికిస్తరో ఏమో. నువ్వు ఫికర్ చెయ్యకు."

మా బస్తీలో ఠాణా మనిషి ఎవరి గురించి అడిగినా ఇదే జవాబు. పిల్లల్ని కాపాడుకోవడానికి పెద్దవాళ్లకు తెలిసిన దారి అదొక్కటే. మర్నాడు ఠాణాకు పరుగెత్తాను. రిపోర్ట్ అప్పటికే వెళ్లిపోయింది. పెరోల్ రాలేదు. అతనికి కుటుంబంతో సంబంధాలు లేవట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురింటికి వెళ్లి కడిగేద్దామని లేస్తే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"దానికి చెప్పకు బిడ్డా. తెలిస్తే అన్నం ముట్టదు."

రెండో అర్జీ మీద విచారణకు ఎవరూ రాకముందే అమ్మ పోయింది. అప్పుడు మాత్రం అన్నను పోలీసు కాపలాతో కాసేపు పంపారు. వాడి చేతి ముద్ద కోసం ఎదురుచూసిన నోట్లో వాడు బియ్యం గింజలు పోశాడు.

ఇక పదమని పోలీసాయన తొందరపెట్టాడు. పెద్దమ్మ అడ్డం వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"జర ఆగుండ్రి సారూ. ఈడు ఈ ఇంటి పిలగాడే. నా చేతుల మీద పెరిగిండు. యాడికీ పోడు, నేను జిమ్మేదార్."

అప్పటిదాకా రాని ఏడుపు నాకు ముంచుకొచ్చింది. ఆయన సరేనన్నట్టు తలూపి, గడియారం చూసుకున్నాడు.