పప్పు నానబోసే బేసిన్లో యాపిల్ పళ్ళు

గుమ్మం పక్కన కళ్ళూ నోరూ చెక్కి పెట్టిన గుమ్మడికాయ వారం తిరక్కుండానే లోపల బూజుపట్టి, మూతి ముడుచుకుపోయి, కుళ్ళు కంపు కొడుతోంది. పులుసు పెడితే ఇంటిల్లిపాదికీ రెండు పూటలు వచ్చే కాయ. ఆ కంపు తగిలినప్పుడల్లా ఈ దేశం వచ్చిన కొత్తలో, పిస్కాటవే అనే ఊళ్ళో, మా మనవరాలు మాధవి హాలోవీన్ అనే దయ్యాల వేషాల పండక్కి పెట్టుకున్న పార్టీ గుర్తొస్తుంది. నా చిన్నతనం గురించి చెప్పడానికి ఏమంత లేదు, మూడో తరగతితో బడి మాన్పించారు. నేను దగ్గరుండి చూసిన బాల్యమంటే దానిదే.

ఎనభైల మొదట్లో మాట. దానికి తొమ్మిదేళ్ళు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే పగలంతా ఇంట్లో మేమిద్దరమే. ఆకులన్నీ ఎర్రబడి, రాలి, వానకు తడిసి చెప్పులకు అంటుకునే రోజుల్లో, తను అందరిళ్ళకూ వెళ్తున్నా మనింటికి ఒక్కరూ రాలేదని ఏడ్చి, క్లాసులో నలుగురు ఆడపిల్లల్ని పిలుచుకుంది. ఇక పదిహేను రోజులు అదే లోకం. నల్ల కాగితంతో గబ్బిలాలు కత్తిరించడం, ఇంకా రెండేళ్ళు వచ్చే దుప్పటికి దయ్యం కళ్ళని చిల్లులు చెయ్యడం, ఆటల పేర్లు రాసి, చెరిపి, మళ్ళీ రాయడం. ఒక ఆటలో కళ్ళకు గంతలు కట్టి, ఉడికించిన సేమ్యాలో చెయ్యి పెట్టించి పేగులనీ, తొక్క తీసిన ద్రాక్షపళ్ళు ముట్టించి శవం కళ్ళనీ చెప్పాలట. తినే వస్తువును పట్టుకుని ఆ మాటలేమిటి! ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నా వంతు నువ్వుండలు. ఊరి నుంచి పెట్టెలో తెచ్చుకుని పండక్కని దాచిన బెల్లం తీసి, పాకం పట్టి, చేతులు కాలుతుండగా చుట్టి, ఒక్కొక్కటీ మైనపు కాగితంలో పొట్లం కట్టాను.

పిల్లలొచ్చారు. కాసేపటికి వంటింట్లోంచి వచ్చి చూద్దును కదా, నేను మినప్పప్పు నానబోసే పెద్ద స్టీలు బేసిన్ హాలు మధ్యలో ఉంది. నిండా నీళ్ళు, పైన తేలుతూ యాపిల్ పళ్ళు. మంత్రగత్తె టోపీ పెట్టుకొచ్చిన జెన్నీ అనే పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, ముఖం ముంచి, ఒక పండు కొరికి, జారవిడిచి, ఇంకోటి కొరికింది. చీమిడీ చొంగా అన్నీ ఆ నీళ్ళలోనే. దాని తర్వాత మాధవి వంగింది.

"ఛీ ఛీ! అందరి ఎంగిలీ ఒక్క బేసిన్లోనా? లే ముందు!"

"నానమ్మా, ప్లీజ్! ఇది గేమ్. అందరింట్లో చేస్తారు."

"వాళ్ళిళ్ళలో చేసుకోమను. నా బేసిన్లో కాదు."

నీళ్ళూ పళ్ళూ తీసుకెళ్ళి పెరట్లో కుమ్మరించాను. పిల్లలు గోడకానుకుని నిలబడిపోయారు. ఒకత్తి వాళ్ళమ్మకు ఫోన్ చెయ్యమంది. మాధవి ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. చింతపండు పెట్టి బేసిన్ తోముకుంటున్నాను.

కూతుర్ని తీసుకెళ్ళడానికి జెన్నీ వాళ్ళమ్మ వచ్చింది. పొట్లం చేతిలో పెడితే విప్పి, వాసన చూసి, నవ్వి, థాంక్యూ అంది. అప్పట్లో ఇంట్లో చేసిన మిఠాయిల్లో ఎవరైనా సూదులు పెడతారేమోనని వాళ్ళకు భయమట, నాకు తర్వాత తెలిసింది. కిటికీలోంచి చూస్తున్నాను. కారెక్కే ముందు ఆ పొట్లాన్ని మా చెత్తడబ్బాలోనే పడేసి, వేళ్ళు కోటుకు తుడుచుకుంది. పాకానికి బొబ్బలెక్కిన నా వేళ్ళింకా మండుతూనే ఉన్నాయి.

పక్కనే నిలబడి మాధవీ చూసింది.

"ఆంటీకి కూడా ఛీ అనిపించింది నానమ్మా. నీకులాగే."

మళ్ళీ అది ఎవర్నీ ఇంటికి పిలవలేదు. నేనూ పిలవమనలేదు.

ఇప్పుడు దానికే ఇద్దరు పిల్లలు. క్యారీ అనే ఊళ్ళో దాని ఇంట్లోనే ఉంటున్నాను. ఇక్కడ గబ్బిలాలు కత్తిరించేవాళ్ళు లేరు, ఆటలు లేవు, ఇంట్లో చేసింది బడిలోకి రానివ్వరు. అదే బేసిన్లో కొట్లో కొన్న చాక్లెట్లు పోసి, ఒక్కటే తీసుకోమని కాగితం అంటించి, గుమ్మంలో పెట్టి తలుపేసుకుంటారు. ఎవరి పిల్లలో వచ్చి, తలుపైనా కొట్టకుండా గుప్పిళ్ళతో తోడుకుపోతారు. అదీ నాకు అసహ్యమే.

మొన్న అంతా అయ్యాక, అలవాటు కొద్దీ చింతపండు నానేసి, బేసిన్ సింకు దగ్గరికి తీసుకెళ్ళాను. తోమడానికి దానికి ఏమీ అంటుకుని లేదు.