నేను బేరమాడి కొన్న రైఫిల్

చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తప్పు నాదని మాత్రం అనకండి. కెనడాలోని సార్నియా ఊళ్ళో ఒక శనివారం పొద్దున నా పరువు నలుగురి ముందు గంగలో కలిసిపోయింది. అందుకు కారకులైన వాళ్ళంతా ఇప్పటికీ హాయిగా తిని పడుకుంటున్నారు. నాకు మాత్రం తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అప్పటికి నేను కెమికల్ ప్లాంటులో చేరి రెండేళ్ళయింది. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మా షిఫ్టు వాళ్ళు మాట్లాడుకునే విషయం ఒక్కటే, తుపాకులు. ఎవరి రైఫిల్ ఎంత సూటిగా కొడుతుంది, ఎవరి తాతది ఏ కాలం నాటిది, ఇదే గోల. నేను పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని, వాళ్ళు నవ్వినప్పుడల్లా ఎందుకో తెలియకుండానే నవ్వేవాణ్ణి. రెండేళ్ళు అలా నవ్వితే దవడలు ఏమవుతాయో మీరే ఆలోచించండి. చివరికి రోషం వచ్చి, తుపాకీ కోర్సులో చేరి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్నాను.

సరిగ్గా అప్పుడే తుపాకీ పోటీలకి వెళ్ళే మా షిఫ్టు జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. మా సూపర్‌వైజర్ డేవ్ నన్ను పక్కకి పిలిచాడు.

"మూర్తీ, చిన్న ట్వెంటీ టూ రైఫిల్ ఒకటి కొనుక్కుని శనివారం షూటింగ్ రేంజికి రా. నువ్వు కాల్చినవాటిలో సగం గురి కాగితం మీద పడినా చాలు, ఆ చోటు నీదే."

ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఇక నవ్వాల్సిన చోట తెలిసే నవ్వుతాను కదా.

అయితే మా ఇంట్లో ఆర్థిక శాఖ మా ఆవిడ రాజ్యలక్ష్మిది. తుపాకీ అనగానే నన్ను ఎగాదిగా చూసింది. "ముందు కారుకి వింటర్ టైర్లు. మిగిలిన దాంట్లో ఏది వస్తే అది కొనుక్కోండి" అంది. ఆ టైర్లు కొన్నాక మిగిలిన దాంతో రైఫిల్ కాదు గదా, రైఫిల్ బొమ్మ వస్తే గొప్ప.

సలహాలు మాత్రం ఊరికే వచ్చాయి. కొంటే కొత్తదే కొను అన్నాడొకడు. కొత్తది కొనేవాడు వెర్రివాడు అన్నాడు ఇంకొకడు. రైఫిల్ ఏదైనా ఫరవాలేదు, గురి చూడటానికి పైన బిగించే దుర్భిణి, అదే స్కోప్, ఖరీదైనదై ఉండాలి అన్నాడు మూడోవాడు. పెళ్ళి సంబంధానికి కూడా ఇంతమంది ఇన్ని రకాలుగా చెప్పరు. పైగా చెప్పినవాళ్ళలో ఒక్కడూ షాపుకి తోడు రాలేదు.

షాపువాడు ముందు నిగనిగలాడే రైఫిళ్ళు చూపించాడు. ధరల చీటీలు చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాను. తర్వాత రెడ్ డాట్ అని ఒక అద్దం చూపించాడు. అందులోంచి చూస్తే మధ్యలో ఎర్రగా ఒక చుక్క వెలుగుతుంది. ఆ చుక్కని గురి మీద పెట్టి కాల్చడమే. మనసు పారేసుకున్నాను. కానీ నా బడ్జెట్‌కి ఆ చుక్క తప్ప ఇంకేమీ రాదని వాడు వినయంగా చెప్పాడు. ఆ వినయమే నాకు నచ్చలేదు.

చివరికి మూలనున్న సెకండ్ హ్యాండ్ రైఫిల్ దగ్గర ఆగాను. ఒక్కో తూటాకీ పిడి వెనక్కి లాగి కాల్చే రకం. పైన పాత స్కోప్ ఒకటి బిగించి ఉంది. తూటాలు కూడా చవకే. కెనడాలో బేరమాడకూడదంటారు, అదంతా చేతకానివాళ్ళు చెప్పే మాట. అరగంట నిలబడి కాస్త తగ్గించాను. సంచీ, ట్రిగ్గర్‌కి వేసే తాళం ఊరికే రాబట్టాను. వాడు నా వైపు చూసిన చూపులో మెచ్చుకోలు ఉందనే అనుకున్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. కొత్త వస్తువు పూజ లేకుండా వాడేది లేదంది. మంచు ఊడ్చే స్నో బ్లోయర్‌కి కొబ్బరికాయ కొట్టిన ఇల్లు మాది, మైక్రోవేవ్‌కి ఇప్పటికీ పసుపు మరక ఉంది, కాదంటే వింటుందా? తూటాల్లేవని రెండుసార్లు చూసుకుని, తాళం వేసిన రైఫిల్‌ని దేవుడి ముందు పీట మీద పెట్టాను. ఆవిడ మంత్రం మొదలుపెట్టింది. నేను కళ్ళు మూసుకుని, స్వామీ, ఆ చోటు ఇప్పించు అని వేడుకున్నాను. హారతి అవగానే రైఫిల్‌ని సంచీలో పెట్టి బీరువాలో పెట్టి తాళం వేసేశాను.

శనివారం మా ఆవిడ కూడా బయల్దేరింది. ఆ మనుషులు ఎలాంటివాళ్ళో చూడాలట. పెద్ద గిన్నెతో పులిహోర తెచ్చింది. నేను బెంచీ దగ్గర కూర్చుని, రైఫిల్ ఆనించి, స్కోప్‌లోకి చూశాను.

మధ్యలో ఎర్ర చుక్క.

కాస్త మసగ్గా ఉంది, నిజమే. కానీ ఎరుపు ఎరుపే. షాపువాడు పొరపాటున ఖరీదైన సామాను బిగించి ఇచ్చేశాడు! నోరు మూసుకుని కాల్చాల్సింది. మూసుకుంటానా?

"డేవ్, నాది రెడ్ డాట్" అన్నాను, అందరికీ వినపడేలా.

"నీ బడ్జెట్‌లోనా?"

"బేరమాడటం తెలియాలి."

తర్వాత జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ చుక్క కాగితం మొత్తాన్నీ కప్పేస్తోంది. చుక్క ఉంది కదా అన్న ధైర్యంతో కాల్చాను. కాల్చిన ప్రతిసారీ డేవ్ బైనాక్యులర్స్‌తో చూసి తల అడ్డంగా ఊపాడు. ఒక్కటి మాత్రం కాగితం మీద పడింది, అదీ పక్కన డేవ్ కాగితం మీద. గాలి అన్నాను, తూటాలు నకిలీవన్నాను, షాపువాణ్ణి కోర్టుకి లాగుతానన్నాను. డేవ్ అందర్నీ ఆపమని చెప్పి, నా రైఫిల్ ఖాళీ చేయించి, స్కోప్ అద్దం మీద బొటనవేలితో రుద్దాడు. వేలు ఎర్రబడింది.

అందరూ మా ఆవిడ నుదుటి వైపు చూశారు.

"దానికి కన్ను అదే కదా, అందుకే అక్కడ బొట్టు పెట్టా. కారుకి అద్దం మీద పెట్టినప్పుడు మీరేం అనలేదే?" అంది నాతో, పులిహోర కలుపుతూనే.

అనలేదట! కారు అద్దం ఎంత, ఈ అద్దం ఎంత? ఇదంతా నేను తెలుగులో గట్టిగా అడుగుతుంటే, ఆ నలుగురూ బెంచీ పట్టుకుని నవ్వుతున్నారు. రెండేళ్ళలో మొదటిసారి వాళ్ళు దేనికి నవ్వుతున్నారో నాకు స్పష్టంగా తెలిసింది.

డేవ్ అద్దం తుడిచి మళ్ళీ కాల్చమన్నాడు. ఆ కోపంలో నేను రైఫిల్ ముట్టుకోనని బెంచీ దిగిపోయాను. అప్పుడు వాడు మా ఆవిడని, పక్కన నేనుంటాను, మీరోసారి చూస్తారా అని అడిగాడు. గరిటె పక్కన పెట్టి, కొంగు దోపి కూర్చుంది. వాడు చెప్పినట్టే ఊపిరి బిగబట్టి కాల్చింది. కాగితం మీద పడింది. మళ్ళీ కాల్చింది, దాని పక్కనే పడింది. ఆ తర్వాతవన్నీ అక్కడే.

డేవ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మూర్తీ, నీ రైఫిల్‌కి ఏ లోపమూ లేదు" అన్నాడు. మా ఆవిడకి లైసెన్సు వచ్చేదాకా జట్టులో ఆ చోటు ఖాళీగా ఉంచుతామని కూడా అక్కడికక్కడే చెప్పేశాడు. షిఫ్టువాళ్ళ భార్యలకీ జట్టులో ఆడే హక్కుందట. రెండేళ్ళలో ఈ ముక్క నాతో ఒక్కడైనా అన్నాడా?

అందుకని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మా ఇంట్లో ఏ వస్తువుకి పూజ జరిగినా, హారతి ముగిసేదాకా రెప్ప కూడా వెయ్యను. ఆ రైఫిల్ మీదే చెయ్యి వేసి ఒట్టు పెడదామనుకున్నాను గానీ కుదరలేదు. మా ఆవిడకి లైసెన్సు వచ్చేసింది, ప్రాక్టీసుకి పట్టుకెళ్ళింది.